‘నాకొద్దు’ అనుడు నేర్చుకున్న యేడు

“అమ్మమ్మా, నీకు గంత తక్కువ జీతం ఉండె కదా, పైసలు ఎట్ల ఎనకేసినవ్? నాకు ఇరవై తారీఖు రాకముందే అయిపోతున్నయ్. ఎటు పోతున్నయో సమజైతలేదు.”

ఎటు పోతయే, నీ ఫోన్లకెల్లే పోతయ్. నవ్వకు. నిన్న డబ్బల బిర్యాని వచ్చింది, సగం తిని పక్కకు పెట్టినవ్. ఆకలై తెప్పిచ్చినవా? కాదు. ఫోన్ల మీ ఆఫీసు పిల్ల నేను తెప్పిచ్చుకుంటున్న అన్నది, నువ్వు గూడ తెప్పిచ్చుకున్నవ్. నేను విన్నలే. నాకు మోకాళ్ళు బాలేవు గనీ చెవులు మంచిగనే ఉన్నయ్.

నేనేదో పుట్టుకతోటే పొదుపు మనిషినని మీ అమ్మ చెప్పి ఉంటది. దానికి తెలివి వచ్చినకాడికెల్లి గట్లనే కనబడ్డ. అంతకుముందు సంగతి దానికేం తెల్సు? గా దిండు ఇటియ్యి జర, నడుం పడుతున్నది. ఆ... చాలు.

అప్పుడు మేం మెట్టుగూడ రైల్వే క్వార్టర్సుల ఉంటుంటిమి. మా బాపు ఫిట్టరు. నాకు యూనివర్సిటీల టైపిస్టు కొలువు దొరికింది. ఇరవై రెండేండ్లు నాకు... కాదు కాదు, మా చిన్నమ్మ బిడ్డ పుట్టిన యేడే కదా, అయితే ఇరవై ఒకటి. జీతం నూట నలభై చిల్లర. సగం అమ్మ చేతిల పెడుతుంటి, సగం నాది. గా సగం అంటే అప్పుడు తక్కువ కాదు బిడ్డా. చారాణకు చాయ్, సమోస రెండూ వచ్చేటియి. చారాణ అంటే ఇరవై ఐదు పైసలు, నీకు తెల్వదు కదా.

నా పక్క మిషిను ఎస్తేరుది. తెనాలి దిక్కు పిల్ల. వాళ్ళ నాయిన చర్చి బడిల పంతులుగ చేసి చనిపోయిండు. తల్లిని తీసుకొని ఈడికొచ్చి తార్నాకల ఒక మేడ మీద అర్ర కిరాయికి ఉన్నది. సన్నగ, ఎత్తుగ ఉండె. వేళ్ళు గిట్ల మిషిను మీద పెడితే వాన పడ్డట్టే. నేను ఒక పేజీ కొట్టేలోపు ఆమె రెండు కొట్టేది, తప్పు లేకుంట.

మాయి టెంపరరీ పోస్టులు. గందుకే ఆమెకు ఒక ఆలోచన ఉండె. ఒకనాడు అన్నది, “ఒసే అనసూయా, ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగం మనది. సొంతంగా ఒక మిషను ఉందనుకో, ఇంట్లో కూర్చుని థీసిసులు కొట్టుకోవచ్చు. ఈ రీసెర్చి వాళ్ళు టైపు కోసం కోఠీ దాకా పోతన్నారు చూడు.” ఆమెదొకటి, నాదొకటి, పక్కపక్కన ఏసుకొని కొట్టాలె అనుకున్నం. నాకు గీ మాట మస్తు నచ్చింది. ఎందుకంటే బాపుకు రిటైర్మెంటు దగ్గరికొస్తున్నది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలె. మాకు ఇల్లు లేదు, జాగ లేదు. ఇంట్ల ఒక మిషిను టకటకమంటుంటే కిరాయి ఎల్లిపోతది కదా అని నా ఆశ.

ఇద్దరం కాచిగూడకు పోయి చూసొచ్చినం కూడ. స్టేషనుకు ఎదురుంగ గల్లిల ఒక ముసలాయన పాత మిషిన్లు బాగుచేసి అమ్ముతుండె. “నాలుగొందలు బేటీ, మీకని ముప్పై తగ్గిస్త” అన్నడు. బస్సుల వస్తుంటె లెక్కేసుకున్న. నెలకు ఇరవై పక్కకు పెట్టినా ఏడాదిన్నరకు ఇంట్లకొస్తది. ఇగ చూస్కో, ఏడాది గడిచింది. నా ట్రంకు పెట్టెల రుమాలు ఇప్పి చూస్తే ఎంతున్నయ్ తెల్సా? పదకొండు రూపాయలు.

ఏం చేసిన అంటవా? ఏం చెయ్యలే. బంగారం కొనలే, ఊర్లు తిరగలే. పదకొండు గంటలు కొట్టంగనే మా సెక్షనోళ్ళు అందరు లేచేటోళ్ళు. “అనసూయమ్మా, క్యాంటీనుకు రావా?” అని. లేస్తుంటి. ఇంటికాడ ఉప్మ తినే వచ్చినా సరే లేస్తుంటి. మల్ల మూడు గంటలకు ఇంకోసారి. శనివారం ఒంటిపూట, సికింద్రాబాద్ల సినిమాకు పోదాం అంటే పోతుంటి. పొద్దుమూకి క్వార్టర్ల పిల్లలతోటి మెట్ల మీద కూసొని ముచ్చట పెడితే లేచి రాబుద్ధి కాకపోయేది, లేస్తే వాళ్ళేమనుకుంటరో అని. తెల్లారి లేటు. లేటైతే రిక్షా. రిక్షాకు ఆఠాణ, అంటే యాభై పైసలు.

ఇగ చీరల మూటాయన. ఒకటో తారీఖు వచ్చిందంటే మా ఆఫీసు వరండల మూట ఇప్పుతుండె. నెల నెల ఇంత ఇయ్యున్రి అమ్మా అని. శకుంతలమ్మ అని మా సెక్షన్ల పెద్దామె ఉండె. మంచిది పాపం. నా భుజం మీద కొంగు ఏసి “నీకు మస్తుంటదే” అంటది. అయిపాయె. నాకు ఆకుపచ్చ రంగే పడదు బిడ్డా, చూసినవ్ కదా ఎప్పుడన్న కట్టంగ? గా రోజులల్ల నా పెట్టెల రెండు ఆకుపచ్చ చీరలుండె.

ఎస్తేరు మాత్రం మిషిను మీదికెల్లి తల ఎత్తకనే “నాకొద్దు” అంటుండె. కడుపుల నొప్పి అనో, పనున్నదనో సాకు గూడ చెప్పకపోయేది. నేను ఒకసారి అడిగిన, “మొహమాటం కాదా నీకు?” అని. “ఆకలిగా లేదే. దానికి మొహమాటం దేనికి?” అన్నది. గర్వం అనుకున్న నేను, నిజం చెప్తున్న. మా సెక్షన్ల అందరు గట్లనే అనుకున్నరు.

గప్పుడే లొల్లి షురువైంది. అరవై తొమ్మిది. మా కొలువులు మాకియ్యాలె, మా రాష్ట్రం మాకు గావాలె అని పోరగాండ్లు క్లాసులు ఇడిసిపెట్టి రోడ్ల మీదికొచ్చిండ్రు. క్యాంపసు అంతా పోలీసులే. పొద్దుగాల ఫారం తీసుకొని మా కిటికీ కాడ నిలబడ్డ పిల్లగాడు సాయంత్రంకల్ల దవాఖానల ఉన్నడని వింటుంటిమి. కొందరైతే... మల్ల రానే రాలే. గా మొఖాలు నాకిప్పటికి యాదికున్నయ్. నాది సుత గదే మాట బిడ్డా, తెలంగాణ గావాలె అన్నది. బాపు తోటి పనిచేసెటోళ్ళకు ఏళ్ళకేళ్ళు ప్రమోషన్లు రాలే, గవన్ని ఇనుకుంటనే పెరిగిన.

క్యాంపసు బందైంది. బస్సులు బందు. సినిమాలు బందు. ఒక్కోనాడు కర్ఫ్యూ. ఇంట్లనే ఉంటుంటి, అమ్మకు బియ్యం ఏరిస్తుంటి. జీతం లేటుగ వచ్చింది గనీ వచ్చింది. రెండు నెలలు గడిచినంక ఒకనాడు రుమాలు ఇప్పి చూస్తే తొంభై పైచిలుకు ఉన్నయ్. నేను ఉరికిపోయి అమ్మను అడిగిన, “నువ్వేమన్న పెట్టినవా?” అని. నేనేం పెడత అన్నది. అప్పుడు తెలిసింది నాకు, ఎవరూ దోచుకపోలే, నా కాళ్ళే తీసుకపోయి ఇచ్చొస్తున్నయ్ అని. నేను సంబురపడుతుంటె బాపు అరుగు మీద కూసొని బీడి ముట్టిచ్చుకుంట అన్నడు, “దుకాణాలు మూసిండ్రు గనక మిగిలినయ్ బిడ్డా. తెరిసినంక సూడాలె నీ సంగతి.” నాకు కోపమొచ్చింది. గనీ నిజమే కదా.

గీ నడుమల ఒకటైంది. ఇది మీ అమ్మకు సుత చెప్పలే నేను.

ఒకనాడు కర్ఫ్యూ ఎత్తేసిండ్రు. ఆడోళ్ళ ఊరేగింపు తీస్తున్నరు, క్వార్టర్లకెల్లి అందరు పోతున్నరు. అనసూయా రావే అన్నరు. పోయిన. పోవుడు తప్పు కాదు, నా మనసుకెల్లే పోయిన. మెట్టుగూడ కెల్లి తార్నాక దాక నడిసినం. “జై తెలంగాణ” అని నేను ఒర్లుతుంటె నా గొంతు నాకే కొత్తగ ఉండె. మస్తు బలమొచ్చినట్టు ఉండె. తార్నాక చౌరస్త కాడికొచ్చేసరికి ముందల ఒకామె “ఆంధ్రోళ్ళు వాపస్ పోవాలె” అని అందుకున్నది. ఎనకకెల్లి అందరు అన్నరు. నేను సుత అన్న. ఒక్కసారి కాదు. మూడు నాలుగు సార్లు.

అనుకుంట తల ఎత్తిన. మేడ మీద కిటికీల ఎస్తేరు ఉన్నది. తలస్నానం చేసినట్టుంది, తువ్వాల భుజం మీద ఉన్నది. నన్నే చూస్తున్నది. నా నోరు ఇంకా తెరిసే ఉన్నది బిడ్డా.

నేనేం చేసిన్నో తెల్సా? చెయ్యెత్తిన. పలకరిస్తున్నట్టు. ఏం పని అది? ఆమె చెయ్యెత్తలే. కిటికీ గూడ మూయలే. గట్లనే నిలబడ్డది. నేనే తల దించుకొని ముందలికి పోయిన.

“మల్ల పోయి కలిసినవా అమ్మమ్మా?”

యాడ పోయిన? తొమ్మిది దినాలు పోలే. పోదామంటే మొఖం చెల్లలే. మా ఆఫీసు అటెండరు మెట్టుగూడల్నే ఉంటుండె, ఆయన వచ్చి చెప్పిండు, ఎస్తేరమ్మ వాళ్ళు ఊరికి పోతున్నరట అని. అప్పుడు లేచిన. అమ్మ గిన్నెల ఏదో పెట్టిస్త ఆగవే అంటున్నది, ఆగలే. బస్సు లేదు, నడుసుకుంటనే పోయిన.

వాళ్ళమ్మ తలుపు తీసింది. “రామ్మా, కూర్చో, ఎండన పడి వచ్చావు” అన్నది. ఏమీ తెల్వనట్టే మాట్లాడింది, మంచినీళ్ళిచ్చింది. ఎస్తేరు కింద కూసొని పరుపు చుట్టకు తాడు కడుతున్నది. అర్ర అంతా ఖాళీ.

“నేను అన్న ఎస్తేరూ, గానాడు” అన్న.

“విన్నాను.”

“నాకు తెలంగాణ గావాలె. గది అబద్ధం కాదు. గనీ నిన్ను పొమ్మనుడు నా మాట కాదు. అందరంటుంటె అన్న.”

తాడు గట్టిగ గుంజి ముడేసింది. “అందరూ అంటే అంటావా? ఇవాళ నన్ను పొమ్మన్నారు. రేపు ఇంకోటి అంటారు. అదీ అంటావా?”

ఏడుపొచ్చింది గనీ ఏడువలే. ఏడిస్తే ఆమెనే నన్ను ఊకోబెట్టాలె కదా, అది ఇంకా అన్యాయం. ఆమెనే అన్నది, “అనలేదని చెప్తావేమో అనుకున్నా. చెప్పలేదు. అది చాల్లే.” తర్వాత మామూలుగ మాట్లాడింది. వాళ్ళమ్మకు కునుకు పట్టట్లేదంట, కింద ఓనరు మంచోడే గనీ ఎప్పుడు ఖాళీ చేయిస్తవని ఆయననూ పదిమంది అడుగుతున్నరంట. “నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ రోజూ మెట్లు దిగేటప్పుడు భయమేస్తది అనసూయా. అట్టా ఎన్నాళ్ళు?”

సికింద్రాబాద్ స్టేషను దాక నేను పోయిన వాళ్ళతోటి. పరుపు చుట్ట నేనే మోసిన, వద్దంటె ఇనలే. రైలు కదిలేముందు కిటికీలకెల్లి అన్నది, “మిషను కొనుక్కో. ఊరికే అనుకుంటా కూర్చోకు.” కొంట అన్న. గంతే. నా పెయ్యికి రెండు చేతులున్నయని గప్పుడు తెలిసినట్టు, వాటిని ఏడ పెట్టాల్నో తెల్వలే, గట్ల నిలబడ్డ.

కొన్నాళ్ళకు క్యాంపసు తెరిసిండ్రు. పరీక్షలు పెట్టిండ్రు. నా పక్క మిషినుకు ఎవరూ రాలే, గుడ్డ కప్పి ఉండె. మొదటి దినమే పదకొండు కొట్టింది. అందరు లేచిండ్రు. ఎన్ని రోజులైందో కలిసి చాయ్ తాగక, అందరు ఖుషీగ ఉన్నరు. శకుంతలమ్మ అన్నది, “అనసూయా, దా.”

“నాకొద్దు” అన్న.

నవ్వుతవా? గా ఒక్క మాటకు నా నోరు ఎండిపోయింది బిడ్డా. చేతులు మిషిను మీదికెల్లి తియ్యలే. అందరు ఆగి చూస్తున్నరు. “పానం బాలేదా?” అన్నది. అవును అంటె అయిపోయేది. సాకు నాలిక మీదికి వచ్చింది కూడ. “మంచిగనే ఉన్నది. నాకొద్దు” అన్న మల్ల. పోయిండ్రు. వరండల నవ్వులు ఇనబడ్డయ్, నా మీద నవ్విండ్రో ఇంకేదన్నో. ఇప్పటికీ తెల్వదు నాకు.

రెండో దినం గూడ కష్టమే. ఐదో దినం జర నయం. ఎస్తేరుకు గీ మాట ఎంత తేలికనో అనుకుంటుంటి, ఆమెకు సుత మొదట్ల గిట్లనే ఉండెనేమో అని అప్పుడు అనిపిచ్చింది. పిసినారి అనసూయ అని పేరు పెట్టిండ్రు. నెల తిరిగే సరికి ఆ పేరు పాతదైపోయింది, నన్ను పిలుసుడే మానేసిండ్రు. గది జర బాధనిపిచ్చింది, కాదనను. తర్వాత శకుంతలమ్మనే ఒకనాడు ఇంటికెల్లి పులిహోర తెచ్చి నా టేబులు మీద పెట్టి పోయింది. మంచిదే అని చెప్పిన కదా.

అన్నిట్ల గెలిసిన అనుకోకు. మూటాయన దగ్గర ఒకసారి ఓడిపోయిన, ముదురు ఎరుపు చీర, చిన్న అంచు. అది మాత్రం నా రంగే. మల్లెపూలు రోజుకో మూర కొనుడు నేను మానలే. అమ్మ అడిగింది, అన్నీ మానినదానివి ఇదెందుకు మానవ్ అని. ఇది నాకు ఇష్టమే అన్న. నీకు ఇష్టమైనదానికి పెడితే పైస పోయినట్టు కాదే. ఎవరి ఇష్టానికో పెట్టినం సూడు, గవి పోయినయ్.

రెండేండ్లకు కొన్న. కాచిగూడ ముసలాయన నన్ను గుర్తు పట్టిండు, “ఇంకో బేటీ ఏది?” అన్నడు. ఊరికి పోయింది అన్న. రిక్షాల బాపు, నేను, మా ఇద్దరి ఒళ్ళె మిషిను. రిక్షాయన ఎత్తుకాడ దిగి తోసుకుంట “రాళ్ళున్నయా అయ్యా గిందుల?” అని అడిగిండు. బాపు నవ్విండు, “మా బిడ్డ కొలువు ఉన్నది” అన్నడు. గప్పుడు ఆయన మొఖం చూడాలె నువ్వు.

బాపు రిటైరైనంక లాలాపేట్ల ఒక అర్ర, వరండ కిరాయికి తీసుకున్నం. ఇంటి ఓనరోళ్ళు సప్పుడు ఎక్కువైతున్నదని లొల్లి చేస్తే కింద గొంగడి మడత పెట్టిన. రీసెర్చి పిల్లలు కాయితాల కట్టలు పట్టుకొని సైకిళ్ళ మీద వచ్చేటోళ్ళు. నా టెంపరరీ కొలువు పర్మినెంటు అయ్యేదాక నాలుగేండ్లు పట్టింది, గా నాలుగేండ్లు మమ్ముల్ని నిలబెట్టింది గా మిషినే. పెండ్లైనంక గూడ కొట్టిన, మీ అమ్మ గా టకటకలనే నిద్రపోయేది.

ఎస్తేరు ఒక్కసారి వచ్చింది. ఏవో సర్టిఫికెట్లు తీసుకపోనీకె వచ్చి, మా ఆఫీసుల అడ్రసు అడుక్కొని లాలాపేటకు వచ్చింది. జుట్టు జర పలుచబడ్డది. తెనాలి దగ్గర చర్చి బడిల టీచరు అయిందట. దాసిన పైసలన్నీ వాళ్ళమ్మ జబ్బుకు పోయినయట. చెప్పుడు గూడ ఏదో మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది. మిషినును చేత్తోటి తడిమింది. ఎవరిదో గడ్డిజాతుల మీద థీసిసు, సగం పేజీల ఉన్నది. కూసొని గా పేజీ కొట్టింది. వాన పడ్డట్టే, ఏం మారలే.

నేను ఆగలేక అడిగిన. “రారాదూ ఎస్తేరూ. ఇప్పుడు లొల్లి లేదు. పనికి తక్కువ లేదు. ఇంకో మిషిను ఇద్దరం కలిసి కొందాం. గీ వరండల పక్కపక్కనే ఏసుకుందాం.”

కాయితం మిషిన్లకెల్లి తీసి, కార్బన్లు సదిరి, కింద పెట్టింది. “రాను అనసూయా” అన్నది.

ఎందుకని అడుగుదామనుకున్న. అడుగలే. అన్నం తిన్నది, అమ్మ చేసిన పచ్చిపులుసు రెండుసార్లు ఏసుకున్నది, సాయంత్రం బండికి పోయింది. క్రిస్మసుకు కార్డు వచ్చేది, నేను దసరకు ఉత్తరం రాసేదాన్ని. చాలా ఏండ్లు నడిసింది గట్ల. తర్వాత ఒకపాలి రాలే. మల్ల రాలే.

రాష్ట్రం వచ్చిన్నాడు నువ్వు ఇంకా బడి పిల్లవు. లాలాపేట్ల అంతా పటాకలు. నేను మా వాకిట్ల నిలబడి “జై తెలంగాణ” అని ఒర్లిన, ముసల్దానికి పిచ్చి లేసింది అన్నడు మీ తాత. నా పింఛను పైసలతోటి ఐదు కిలోల లడ్డు తెప్పిచ్చి గల్లంతా పంచిన. పై అర్రలుండే విజయవాడోళ్ళ పిల్ల రెండు తిన్నది, ఇంకోటి జేబుల ఏసుకున్నది. గంత ఖర్చు ఎందుకని మీ అమ్మ అడిగింది. నాకు గావాలె అన్న.

సరే, పొద్దుపోతున్నది, మీటింగు ఉన్నదంటివి కదా? పో బిడ్డా. సల్లగుండు. కడుపునిండ తిను, మంచిగ కట్టుకో, నీకు నచ్చినదానికి దండిగ పెట్టు. నీ నోటికి ఎప్పుడూ నీ మాటే రావాలె, గంతే నా దీవెన... గా తలుపు జర దగ్గరికేసి పో, గాలి కొడుతున్నది... ఆ, గట్ల.